సిసిలీ అంజీర్ కుకీలు: వంద రకాల వంట విధానాల వెనుక ఉన్న ఒకే లెక్క

క్రిస్మస్‌కి ఇటలీ కుకీలు ఏవైనా ఇంట్లో చేద్దామని వెతికితే కుచ్చిదాతి తప్పకుండా కనిపిస్తుంది. బయట లేత రంగు మైదా పొర, లోపల ఎండు అంజీర్, కిస్మిస్, బాదం, నారింజ తొక్క కలిపి నూరిన ముద్ద, పైన తెల్లటి పంచదార పూత, దాని మీద రంగురంగుల చక్కెర గింజలు. ఫొటో చూడగానే చేసేయాలనిపిస్తుంది. నాలుగు వంట విధానాలు చదివేసరికి మాత్రం అయోమయం మొదలవుతుంది. పందికొవ్వు వేయకపోతే అది కుచ్చిదాతే కాదని ఒకరంటే, వెన్నతోనే రుచి అని మరొకరు అంటారు. ఒకరి ముద్దలో చాక్లెట్ ఉంటుంది, ఇంకొకరి ముద్దలో మిరియాల పొడి. అంజీర్‌ని వైన్‌లో ఉడికించాలని ఒకరు, ఊరికే నూరితే చాలని ఒకరు. ఓవెన్‌లోంచి తీసిన రోజే తినాలా, వారం ఆగాలా అన్నదాని మీద కూడా ఏకాభిప్రాయం లేదు.

ఈ చిక్కుల్లో సగం చరిత్రకు సంబంధించినవి. ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపంలో ఊరూరికీ, ఇంటింటికీ పద్ధతి మారుతుంది, అందులో ఏదీ తప్పు కాదు. మిగతా సగానికి మాత్రం సమాధానం ఉంది. ముద్దలో ఎంత తడి ఉంది, అది పైపొరలోకి ఎలా చేరుతుంది అన్నదే ఆ సమాధానం. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఏ దినుసు మార్చవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

ముందు పేర్ల సంగతి. సిసిలీలో, ముఖ్యంగా పలెర్మో వైపు, ఇదే అంజీర్ ముద్దతో పెద్ద కంకణంలా చుట్టి కాల్చినదాన్ని బుచ్చెల్లాతో అంటారు. దాని మీద కత్తితో గాట్లు పెట్టి, పిస్తా పలుకులు, పంచదారలో ఊరిన పండ్ల ముక్కలు అద్దుతారు. చిన్న చిన్న ముక్కలుగా చేసినవి కుచ్చిదాతి, బుచ్చెల్లాతి, బుచ్చెల్లాతిని. ఊరిని బట్టి పేరు మారుతుంది. ద్వీపానికి దక్షిణాన మోదికాలో ఎస్ ఆకారంలో మలిచే నుకాతోలి వీటికి దగ్గరి చుట్టం. సముద్రపు పాయ దాటి రెజ్జో కలాబ్రియాకి వెళ్తే పెత్రాలి అని చేస్తారు. చూడ్డానికి అచ్చం మన కజ్జికాయలాగే అర్ధచంద్రాకారం, లోపల అంజీర్, గింజలు, ద్రాక్షరసాన్ని చిక్కగా కాచిన పాకం. వీటిలో ఏదో ఒకటి చేయడం వస్తే మిగతావి చేయడం కష్టం కాదు. అయితే బుచ్చెల్లాతో అని వెతికినప్పుడు ఒక జాగ్రత్త అవసరం. టస్కనీలోని లుక్కా ఊళ్లో అదే పేరుతో ఒక తీపి రొట్టె ఉంది. అందులో కిస్మిస్, సోంపు ఉంటాయి కానీ అంజీర్ ముద్ద ఉండదు. ఆ రెండింటినీ కలిపేసి రాసినవాళ్లూ ఉన్నారు.

ఈ ముద్దలోని దినుసులన్నీ అరబ్బులే సిసిలీకి తెచ్చారని తరచూ రాస్తుంటారు. అది పూర్తిగా నిజం కాదు. అంజీర్, బాదం, తేనె, వైన్ ఆ నేలకు గ్రీకుల, రోమన్ల కాలం నుంచీ తెలిసినవే. అరబ్ సేనలు 827లో మజారా దగ్గర దిగి, 831కి పలెర్మోను పట్టుకున్నాయి. చెరకు సాగు, పుల్ల నారింజ, నిమ్మ సిసిలీలో వేళ్లూనింది ఆ తర్వాతి కాలంలో. అంటే పంచదారలో ఊరిన నారింజ తొక్క వాళ్ల వారసత్వం. చాక్లెట్ రావడానికి అమెరికా ఖండం బయటపడాల్సి వచ్చింది. స్పెయిన్ పాలనలో ఉన్న సిసిలీకి అది స్పెయిన్ ద్వారానే చేరింది. ముద్దలో కలిపే మార్సాలా వైన్ పేరు మోగడానికి కారణం జాన్ వుడ్‌హౌస్ అనే ఇంగ్లీషు వర్తకుడు. 1773లో ఆయన దాన్ని ఇంగ్లండుకు ఎగుమతి చేయడం మొదలుపెట్టాడు. కాబట్టి "అసలు సిసలు పురాతన విధానం" అని చెప్పి అందులో చాక్లెట్, మార్సాలా రెండూ వేయించేవాళ్ల మాట కాస్త ఆలోచించి నమ్మాలి. ఈ వంటకం వచ్చిన ప్రతి కొత్త దినుసునూ కలుపుకుంటూ పెరిగింది. మన వంటింట్లో మనం చేసే మార్పు కూడా ఆ వరసలో ఇంకొకటే.

అమెరికాలో జరిగింది కూడా అదే. 1880ల నుంచి 1920ల దాకా దక్షిణ ఇటలీ నుంచి లక్షల మంది అమెరికా వెళ్లారు. సిసిలీవాళ్లు న్యూయార్క్, న్యూజెర్సీ, చికాగో, న్యూ ఆర్లీన్స్ లాంటి చోట్ల స్థిరపడ్డారు. అక్కడ పందికొవ్వు స్థానంలో వెన్న, డబ్బాల్లో దొరికే వనస్పతి వచ్చాయి. మార్సాలా బదులు నారింజ రసమో విస్కీయో వచ్చింది. ముద్దలోకి ఖర్జూరం చేరింది. న్యూ ఆర్లీన్స్‌లో క్రిస్మస్‌తో పాటు మార్చి 19న సెయింట్ జోసెఫ్ పండుగకు కూడా వీటిని చేస్తారు. చర్చిల్లోనూ ఇళ్లల్లోనూ మెట్లమెట్లుగా అలంకరించే బల్లల మీద శిలువ, హృదయం లాంటి ఆకారాల్లో పెద్ద అంజీర్ కేకులు పెడతారు. వాటి పైపొరను సన్నగా కత్తిరించి, లోపలి నల్లటి ముద్ద లతల్లా కనపడేలా చేసే పనితనం చూసి తీరాలి. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకు డిసెంబర్‌లో ఇటాలియన్ బేకరీల్లో ఈ కుకీలు కొనుక్కునే వీలు కూడా ఉంది. ఇండియాలో ఉన్నవాళ్లు మాత్రం ఇంట్లో చేసుకోవాల్సిందే.

ఇక అసలు విషయం, ముద్ద.

తాజా అంజీర్‌లో దాదాపు ఎనభై శాతం నీళ్లే. ఎండబెట్టాక అది ముప్పై శాతం దగ్గరికి వస్తుంది. కిస్మిస్‌లో ఇంకా తక్కువ, పదిహేను శాతం ప్రాంతం. ఉన్న ఆ కాస్త నీటినీ పండులోని చక్కెర గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి బూజు త్వరగా పట్టదు. తేనె కలిపితే ఆ పట్టు ఇంకా పెరుగుతుంది. ఫ్రిజ్‌లు లేని కాలంలో వేసవి పంటను డిసెంబర్ దాకా దాచుకుని, ఆ దాచిన సరుకుతోనే పండుగ పిండివంట చేసుకునే ఏర్పాటు ఇది. అంటే ముద్ద ముందు నుంచీ నిల్వ సరుకే. దానికి ఒక చొక్కా తొడిగితే కుకీ. ఇది గుర్తుంటే, ముద్దను పలచగా, జారుడుగా చేయడం ఎందుకు తప్పో చెప్పనక్కర్లేదు. నీళ్లు ఎక్కువైతే నిల్వ గుణం పోతుంది, ఓవెన్‌లో ఆవిరై పొరను పగలగొడుతుంది, మిగిలిన తడి రెండో రోజుకే పొరను నానబెడుతుంది.

మరి వైన్‌లో ఉడికించమని ఎందుకు అంటారు? అక్కడి అంజీర్ ఎంత ఎండింది అన్నదాన్ని బట్టి. మెత్తగా, సాగేలా ఉన్న అంజీర్‌ని ఊరికే నూరితే సరిపోతుంది. మన దగ్గర ఎక్కువగా దొరికేది తాడుకు గుచ్చి చదునుగా నొక్కిన అఫ్గాన్ అంజీర్. అది తోలులా గట్టిగా ఉంటుంది, నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడుకు చుట్టుకుపోతుంది. దాన్ని ముక్కలు చేసి, మునిగేంత కాకుండా అడుగు తడిసేంత నారింజ రసం పోసి, మూతపెట్టి సన్న మంట మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచాలి. తర్వాత మూత తీసి గిన్నె అడుగున తడి కనిపించనంత వరకు దగ్గర పడనివ్వాలి. రెండు పద్ధతులూ చేరేది ఒక్క చోటికే: గరిటెతో తీస్తే జారకుండా నిలబడే ముద్ద, చేత్తో చుడితే విరగకుండా తాడులా సాగే ముద్ద. గమ్యం తెలిస్తే వైన్ ఎన్ని మిల్లీలీటర్లు అన్నది పెద్ద ప్రశ్న కాదు.

ఇక్కడ ఇంకో మాట. ప్లమ్ కేకు కోసం వారాల తరబడి రమ్‌లో నానబెట్టిన డ్రైఫ్రూట్స్ మన ఇళ్లల్లో ఉంటాయి. అవి మిగిలాయి కదా అని ఇందులో వేసేయాలనిపిస్తుంది. కేకు పిండి ఆ తడిని తీసుకోగలదు, ఈ కుకీ తీసుకోలేదు. వేయాలనే ఉంటే జల్లెడలో రాత్రంతా వడకట్టి, మూకుట్లో కాసేపు తడి ఆర్చి వాడాలి.

మిగతా దినుసుల్లో గింజలు కేవలం రుచి కోసం కాదు. వేయించిన బాదం, అక్రోట్‌ను బరకగా దంచి కలిపితే ముద్దలో అక్కడక్కడా పొడిగా ఉండే చోట్లు ఏర్పడి, కోసినప్పుడు ముక్క చెదరదు. పొడిలా చేసేస్తే నూనె కక్కి ముద్ద జిగురుగా అయిపోతుంది. సిసిలీలో ఇందులో వేసే జుక్కాతా అనేది సొరకాయ జాతి కాయను పంచదారలో ఊరబెట్టిన మిఠాయి. అది మనకు దొరకదు కానీ బూడిద గుమ్మడితో చేసే ఆగ్రా పేఠా ప్రతి మిఠాయి కొట్లోనూ ఉంటుంది. రుచి, పద్ధతి రెండూ దగ్గరే. పొడి పేఠాను సన్నగా తరిగి వేస్తే చాలా బాగా కుదురుతుంది. నా దృష్టిలో మన బజారులో దొరికే టుట్టీ ఫ్రూటీ కంటే ఇదే మేలు. టుట్టీ ఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్కలకు రంగు వేసినది, ఆ రంగు అంజీర్ ముద్దలో కలిసి మురికిగా కనిపిస్తుంది. నారింజ తొక్కకు మాత్రం ప్రత్యామ్నాయం వెతకొద్దు. ముద్దకు వాసన ఇచ్చేది సగం అదే. ఊరబెట్టిన తొక్క దొరకకపోతే రెండు కమలాపండ్ల పైతొక్కను, తెల్లటి చేదు పొర రాకుండా, సన్నగా తురిమి కలపాలి.

మసాలాల్లో దాల్చిన చెక్క, లవంగం దాదాపు అందరూ వేస్తారు. మిరియాలు కొన్ని ఇళ్ల అలవాటు. పావు చెంచా మిరియాల పొడి వేసి చూడండి, అంజీర్ తీపి మొహం మొత్తకుండా పట్టి ఉంచుతుంది. చాక్లెట్ వేసేవాళ్లు ముద్ద పూర్తిగా చల్లారాకే తరిగి కలపాలి, లేకపోతే కరిగి ముద్దంతా గోధుమ రంగు పేస్టు అవుతుంది.

అందాజుగా కొలతలు చెప్పాలంటే, నాలుగు వందల గ్రాముల అంజీర్‌కు వంద గ్రాముల కిస్మిస్, వంద గ్రాముల బాదం, యాభై గ్రాముల అక్రోట్, పేఠా, నారింజ తొక్క రెండూ కలిపి అరవై గ్రాములు, అంతే చాక్లెట్, మూడు పెద్ద చెంచాల తేనె, ఒక టీ స్పూను దాల్చిన చెక్క పొడి, పావు స్పూను లవంగాల పొడి. ఇది కలిపి గిన్నెలో నొక్కి కనీసం ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఈ ఒక్క రాత్రిలో కిస్మిస్, గింజలు అంజీర్ నుంచి తడిని పంచుకుని ముద్దంతా ఒకే తీరుకు వస్తుంది. తొందరపడి వెంటనే వాడితే ఒక ముక్క పొడిగా, ఒక ముక్క తడిగా వస్తుంది. రెండు మూడు రోజులు ముందే చేసి పెట్టుకున్నా మంచిదే.

పైపొర దగ్గర పందికొవ్వు, వెన్న తగాదాను కూడా తడి లెక్కతోనే చూడవచ్చు. పందికొవ్వు దాదాపు మొత్తం కొవ్వే. వెన్నలో పదహారు శాతం వరకు నీళ్లు ఉంటాయి. మైదాకు నీళ్లు తగిలి, దాన్ని మర్దిస్తే జిగురు సాగి పొర గట్టిపడుతుంది. కొవ్వు మైదా రేణువులను కప్పి ఆ జిగురు ఏర్పడకుండా అడ్డుపడుతుంది. అందుకే పందికొవ్వు పొర నోట్లో ఇట్టే విరిగిపోతుంది, వెన్న పొర కొంచెం గట్టిగా ఉన్నా సువాసన ఎక్కువ. మనకు ఇంకో దారి కూడా ఉంది: నెయ్యి. నెయ్యిలో నీళ్లు లేనట్టే. ఆ విషయంలో వెన్న కంటే నెయ్యే పందికొవ్వుకు దగ్గర. పందికొవ్వు తినని ఇళ్లల్లో సిసిలీ పొరను చాలావరకు పట్టుకోవడానికి ఇదే సరైన మార్గమని నా నమ్మకం. కాకపోతే కరిగిన నెయ్యి పోయకూడదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నెయ్యిని చెంచాతో గీరి, మైదాలో వేళ్ల కొసలతో పొడిపొడిగా నలపాలి. వెన్న రెండు వందల గ్రాములు అని ఉన్నచోట నెయ్యి నూట అరవై ఐదు గ్రాములు సరిపోతుంది.

అర కిలో మైదాకు నూట యాభై గ్రాముల పంచదార పొడి, పైన చెప్పిన కొవ్వు, రెండు గుడ్లు, ఒక టీ స్పూను బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, నిమ్మ తొక్క తురుము. కలిసీ కలవనట్టు ఉంటే చల్లటి పాలు ఒక్కో చెంచా చిలకరించాలి. గుడ్డు వాడనివాళ్లు పాలతోనే పిండి కలపవచ్చు, పొర కొంచెం పెళుసుగా ఉంటుంది, అంతే. పూరీ పిండిలా పిసకొద్దు. పిండి కలవగానే ఆపి, చదునుగా నొక్కి, మూతపెట్టి కనీసం గంట ఫ్రిజ్‌లో పెట్టాలి.

సిసిలీలో చాలా ఇళ్లల్లో బేకింగ్ పౌడర్ బదులు బేకర్స్ అమ్మోనియా వేస్తారు. వేడికి అది అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా విడిపోతుంది, వెనక ఏమీ మిగలదు. పల్చటి, పొడి బిస్కెట్లకు అది చాలా మంచిది. ఇక్కడ పొర కింద తడి ముద్ద ఉంటుంది, అమ్మోనియాకు నీటిలో కరిగే గుణం ఉంది. పూర్తిగా పోకపోతే ఘాటు వాసన మిగులుతుంది. అలవాటు లేనివాళ్లు బేకింగ్ పౌడర్‌తోనే మొదలుపెట్టడం నయం.

చుట్టే పని ఇద్దరు కలిసి చేస్తే హాయిగా సాగుతుంది. పిండిని బటర్ పేపర్ మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన, అరచేయంత వెడల్పు పట్టీలుగా ఒత్తాలి. ముద్దను బొటనవేలంత లావు తాడుగా చుట్టి మధ్యలో పెట్టి, రెండు అంచులూ మడిచి, అతుకు కింద వైపు వచ్చేలా తిప్పాలి. అతుకు పైన ఉంటే అక్కడి నుంచే ముద్ద కారి, అందులోని చక్కెర ట్రే మీద మాడుతుంది. రెండంగుళాల ముక్కలు ఏటవాలుగా కోసి, ఒక్కోదాని మీద రెండు మూడు గాట్లు పెట్టాలి. గాట్లు అందానికి అనుకుంటారు కానీ ముద్దలోంచి వచ్చే ఆవిరికి అవే దారి. ఇంకాస్త ఓపిక ఉంటే కొంచెం పొడుగు ముక్కలు తీసుకుని, ఒక అంచు మీద దగ్గర దగ్గరగా కత్తిరించి, ఆ అంచు బయటికి విచ్చుకునేలా గుర్రపు నాడాలా వంచవచ్చు. పిండి మెత్తబడిందనిపిస్తే, మన వంటింటి వేడిలో అది తప్పదు, ట్రేతో సహా పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి ఆ తర్వాతే ఓవెన్‌లోకి పంపాలి.

ముద్ద అప్పటికే తినడానికి సిద్ధంగా ఉన్నది కాబట్టి ఓవెన్ పని కేవలం పొరను కాల్చడం. 180 డిగ్రీల దగ్గర పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాలు. పైభాగం ఎర్రబడేదాకా ఆగితే పొర రాయి అవుతుంది. అడుగు లేత బంగారు రంగుకు రాగానే తీసేయాలి. చిన్న ఓటీజీల్లో కింది కాయిల్ ట్రేకి మరీ దగ్గరగా ఉంటుంది, అడుగు ముందే మాడుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు ట్రేలు పెడితే ఆ ఇబ్బంది తప్పుతుంది.

కాల్చిన రోజు తింటే చాలామంది నిరాశ పడతారు. పొర ఒకవైపు కరకరలాడుతుంది, ముద్ద మరోవైపు జిగటగా ఉంటుంది, రెండూ కలవనట్టు అనిపిస్తుంది. అప్పటికి పొరలో తడి దాదాపు లేదు, ముద్దలో ఉంది. మూతపెట్టిన డబ్బాలో ఉంచితే ఆ తడి కొద్దికొద్దిగా పొరలోకి పాకి, మూడు నాలుగు రోజులకు రెండూ ఒక సమతూకానికి వస్తాయి. పొర మెత్తగా విరుగుతుంది, నారింజ, లవంగం వాసన పిండిలోకి కూడా దిగుతుంది. వారం ఆగమని చెప్పే సిసిలీ పెద్దవాళ్ల మాటకు కారణం ఇదే, కాబట్టి ఆ తగాదాలో నేను పూర్తిగా వాళ్ల వైపే.

పూత సంగతి కూడా దీన్ని బట్టే నిర్ణయించుకోవాలి. రెండు వందల గ్రాముల పొడి పంచదారలో రెండు మూడు చెంచాల నిమ్మరసం వేసి చిక్కగా కలిపితే పూత తయారు. కుకీలు పూర్తిగా చల్లారాక వేయాలి, వేడి మీద వేస్తే కరిగి గాజులా పారదర్శకమైపోతుంది. రంగు గింజలు పూత ఆరకముందే, అంటే ఒకటి రెండు నిమిషాల్లోనే చల్లాలి. డిసెంబర్‌లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పూత చక్కగా ఆరుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లల్లో పూత గాలిలోని తడి పీల్చి మళ్లీ జిగటగా మారుతుంది, గింజల రంగు కూడా కారుతుంది. అక్కడ ఉన్నవాళ్లు కుకీలను పూత లేకుండా డబ్బాలో పెట్టుకుని, వడ్డించే రోజు పొద్దున ఆ రోజుకు కావలసిన వాటికే పూత వేసుకోవడం మంచిది. పూత లేనివి గాలి చొరని డబ్బాలో రెండు వారాలు బాగుంటాయి. మిగిలిన ముద్దను నెలల తరబడి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. దాన్ని కాస్త తేనెతో మెత్తబరిచి రొట్టె మీద రాసుకున్నా బాగానే ఉంటుంది.